విశాఖ మెట్టల్లో పాడి ఆవులకు పచ్చిక మేపు: నేల ఎంపిక నుంచి తొలకరి దాకా

భీమిలి, ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి వైపు మెట్టల్లో పాడి ఆవులను పెంచే రైతుకు జూన్ నుంచి నవంబరు వరకు ఆవులు తినగలిగినదాని కన్నా ఎక్కువ గడ్డి పెరుగుతుంది. సంక్రాంతి దాటాక అదే నేలలో పచ్చి పరక కోసం వెతుక్కోవలసి వస్తుంది. ఏడాది పొడవునా మందను ఒకే తీరున వదిలేస్తే వానకాలంలో గడ్డి ముదిరి వృథా అవుతుంది, ఎండాకాలంలో వేళ్లతో సహా పోతుంది. పచ్చికను ఏళ్ల తరబడి నిలుపుకొంటూ దాని మీద పాలు తీయాలంటే ఏ పని ఎప్పుడు చేయాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

అన్నిటికన్నా ముందు గడ్డి స్వభావం తెలియాలి. మన వేడి ప్రాంతపు గడ్డిజాతులు ఎండను బాగా వాడుకొని వేగంగా పెరుగుతాయి, అంతే వేగంగా ముదురుతాయి. నాలుగు వారాల వయసున్న గినీ గడ్డి ఎండు పదార్థంలో మాంసకృత్తులు 10 శాతం వరకు ఉంటే, దానినే రెండు నెలలు వదిలేసినప్పుడు ఆకు తగ్గి, కాడ పెరిగి, అవి 7 శాతానికి దిగువకు పడిపోవచ్చు. అంతకు తగ్గినప్పుడు ఆవు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకు నత్రజని చాలదు. పీచు అరగక పొట్టలోనే నిలిచిపోతుంది కనుక ఎదురుగా గడ్డి ఎంత ఉన్నా ఆవు మేయడం తగ్గిస్తుంది. అలాగని తొందరపడి లేత చిగురు మీదే మళ్లీ మళ్లీ మేపితే, వేళ్లలోనూ దుబ్బు మొదలులోనూ దాచుకున్న నిల్వ ఖర్చై మొక్క చచ్చిపోతుంది, ఆ ఖాళీలోకి తుంగ, వయ్యారిభామ వచ్చి చేరతాయి. ఈ రెండు నష్టాల మధ్య ఉన్న కొద్ది రోజుల్లోనే ఆవును గడ్డి మీదికి తోలాలి.

నేలను నడిచి చూడడం

ఎండలు ముదిరిన మే నెలలో గడ్డి లేకుండా నేల స్పష్టంగా కనిపిస్తుంది కనుక భూమిని చూడడానికి అదే సరైన సమయం. ఎత్తు ఎక్కడ, పల్లం ఎక్కడ, వాననీరు ఎటు పారుతుంది, గెడ్డ (వాగు) ఎంత దూరంలో ఉంది అన్నవి కాగితం మీద గీసుకోవాలి. ఈ ప్రాంతపు ఎర్రనేలలు నీటిని త్వరగా వదిలేస్తాయి, పైన గడ్డి కప్పు లేకపోతే వానకు సులభంగా కోసుకుపోతాయి. అడ్డులేని నీరు ఎర్రమట్టిని ఎంత లోతుగా చీల్చగలదో భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఏటవాలు ఎక్కువగా ఉన్న కొండవాలు భాగాన్ని మేపుకు వాడకుండా చెట్లకూ కోత గడ్డికీ వదిలేయడమే మంచిది. ఒక మాదిరి వాలు ఉన్నచోట వాలుకు అడ్డంగా గట్లు వేసి, గట్ల మీద అవిశ, గిరిపుష్పం వంటి మేతచెట్లను పెంచాలి.

గెడ్డ ఒడ్డునూ చెరువు అంచునూ మేపు భూమిగా లెక్కించకూడదు. ఆవులు దిగితే ఒడ్డు కూలుతుంది, నీరు పాడవుతుంది, అక్కడి నత్తల ద్వారా కార్జపు జలగ మందకు సోకుతుంది.

ఏ నేలకు ఏ గడ్డి

మెట్ట ఎర్రనేలకు నేను మొదట సూచించేది గినీ గడ్డి. వానకు బాగా స్పందిస్తుంది, కొంత నీడను ఓర్చుకుంటుంది కనుక కొబ్బరి, మామిడి తోటల్లో వరుసల మధ్య కూడా పెరుగుతుంది. మామిడి పూతకు మందు కొట్టినప్పుడు మాత్రం ఆ మందు డబ్బా మీద చెప్పిన గడువు ముగిసేదాకా ఆవులను తోటలోకి రానివ్వరాదు. నీటి వసతి లేని, రాళ్లు కలిసిన గరువు నేలకు అంజన్ గడ్డి, పప్పుజాతి మేత అయిన స్టైలో తట్టుకుంటాయి. నీరు నిలిచే పల్లానికి పారా గడ్డి సరిపోతుంది, కాని దానిని కోసి వేయడమే మేలు, బురదలోకి ఆవులను దించకూడదు. సూపర్ నేపియర్, కో-4 వంటి హైబ్రిడ్ నేపియర్ రకాలు దిగుబడిలో గొప్పవే అయినా అవి కోత గడ్డి. ఆవుల కాళ్ల కింద దుబ్బులు చీలిపోతాయి కనుక వాటిని నీటి వసతి ఉన్న కొద్ది సెంట్లలో వేరుగా పెంచుకోవాలి.

గడ్డితో పాటు పప్పుజాతి మేత తప్పనిసరి. స్టైలో గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది, గడ్డి ముదిరిన రోజుల్లో కూడా దాని ఆకులో మాంసకృత్తులు నిలిచి ఉంటాయి, పైగా లూసర్న్ వంటి మేతలతో వచ్చే కడుపుబ్బరం భయం దీనితో చాలా తక్కువ. మొత్తం మేతలో నాలుగో వంతు వరకు పప్పుజాతి ఉండేలా చూసుకుంటే యూరియా ఖర్చు బాగా తగ్గుతుంది.

నాటడం, మొదటి మేపు

జూన్‌లో రెండు మంచి వానలు పడి నేల లోతుగా తడిసిన తరువాతే నాటాలి. గినీ గడ్డిని వేరు పిలకలతో నాటితే వరుసల మధ్య 50 సెంటీమీటర్లు, పిలకల మధ్య 30 సెంటీమీటర్లు ఉంచాలి, ఈ లెక్కన ఎకరాకు సుమారు 27,000 పిలకలు పడతాయి. విత్తనమైతే ఎకరాకు కిలో నుంచి కిలోన్నర చాలు. అప్పుడే రాలిన విత్తనం కొన్ని నెలలు నిద్రావస్థలో ఉంటుంది కనుక కొనేటప్పుడు ఎప్పుడు సేకరించిందో అడగాలి. స్టైలో గింజ పైపెంకు గట్టిది, 80 డిగ్రీల వేడి నీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లార్చి, ఆరబెట్టి చల్లాలి. ఏ గింజనైనా సెంటీమీటరు కన్నా లోతుగా పూడిస్తే మొలక పైకి రాదు.

మొదటి మేపుకు తొందర పనికిరాదు. రెండు, రెండున్నర నెలల తరువాత దుబ్బు ఆకులను చేతికి చుట్టుకొని, ఆవు నాలుకతో లాగే తీరుగా ఒక్కసారి గట్టిగా లాగి చూడండి. ఆకు తెగి చేతికి వస్తే వేళ్లు పట్టుకున్నట్టు. దుబ్బు కదిలి మట్టితో సహా పైకి లేస్తే ఇంకా ఆగాలి. మడిలో పది చోట్ల ఇలా చూడాలి, ఎందుకంటే ఒకే మడిలో పల్లం వైపు గడ్డి ముందు కుదురుకుంటుంది, మెరక వైపు వెనకబడుతుంది.

సెంటు లెక్క

ఎన్ని ఆవులకు ఎంత భూమి కావాలన్నది ఎకరాల్లో అంచనా వేస్తే తప్పు జరుగుతుంది. ఒక రోజుకు ఒక ఆవుకు ఎన్ని సెంట్లు అని లెక్క కట్టాలి. దానికి కావలసినవి మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న కర్ర చట్రం, కొడవలి, త్రాసు. గడ్డి మేపుకు వచ్చినప్పుడు మడిలో నాలుగైదు చోట్ల చట్రం వేసి, ఆవులు తినకుండా మిగల్చవలసిన ఎత్తు పైన ఉన్న గడ్డిని మాత్రమే కోసి తూచాలి. బాగా పెరిగిన చోటునే ఎంచుకోకుండా పలచగా ఉన్నచోట కూడా వేసి సగటు తీసుకోవాలి.

ఆ సగటు కిలో వచ్చిందనుకుందాం. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు కనుక సెంటుకు 40 కిలోల పచ్చిగడ్డి ఉన్నట్టు. ఇందులో కొంత కాళ్ల కింద నలుగుతుంది, కొంత పేడ పడి పాడవుతుంది, కొంత ఆవు ముట్టదు. అందుచేత 60 శాతమే పొట్టలోకి వెళుతుందని అనుకోవాలి, అంటే 24 కిలోలు. ఇప్పుడు ఆవు వైపు నుంచి చూద్దాం. మన పల్లెల్లో ఎక్కువగా కనిపించే జెర్సీ సంకర ఆవు 350 కిలోల బరువు ఉంటే, రోజుకు దాని బరువులో 3 శాతం, అంటే సుమారు 10 కిలోల ఎండు పదార్థం తింటుంది. దాణా, వరిగడ్డి కలిపి అందులో సగం అందిస్తే మిగిలిన 5 కిలోలు పచ్చిక నుంచి రావాలి. వానకాలపు గడ్డిలో అయిదో వంతే ఎండు పదార్థం కనుక ఆ 5 కిలోల కోసం 25 కిలోల పచ్చిగడ్డి కావాలి. అంటే ఆవుకు రోజుకు సుమారు ఒక సెంటు.

అయిదు ఆవులకు రోజుకు అయిదు సెంట్లు. మేపు భూమిని మడులుగా విడగొట్టి మందను వరుసగా తిప్పుతూ, మేసిన మడికి 28 రోజుల విశ్రాంతి ఇస్తూ రెండేసి రోజులు మేపితే మడుల సంఖ్య 28ని 2తో భాగించి ఒకటి కలిపినంత, అంటే 15. ఒక్కొక్క మడి పది సెంట్లు, మొత్తం ఎకరంన్నర. నడుమ వానలు మొహం చాటేసే వారాల కోసం దీనికి నాలుగో వంతు అదనంగా కలుపుకొని రెండెకరాలకు కాస్త తక్కువగా సిద్ధం చేసుకోవాలి. డిసెంబరు నాటికి చట్రంలో అర కిలోయే వస్తుంది, అప్పుడు ఆవుకు రెండు సెంట్లు పడతాయి. నెలకొకసారి తూకం వేయకుండా జూలై లెక్కతోనే ఏడాదంతా నడిపితే పచ్చిక దెబ్బతింటుంది.

ఒక మడిలో ఎన్ని రోజులు ఉంచాలన్నదానికి కూడా కారణం ఉంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంద్రే వొయిజాన్ 1950ల్లో వివరించినట్టు, కొరికిన మొక్క వేసే కొత్త చిగురును ఆవు అదే విడతలో మళ్లీ కొరకకూడదు. మన వేడికీ తేమకూ మూడు, నాలుగు రోజుల్లోనే చిగురు పైకి వస్తుంది కనుక మూడు రోజుల కన్నా ఎక్కువ ఒకే మడిలో ఉంచరాదు.

కంచె, నీరు, నీడ

చుట్టూ శాశ్వతమైన కంచె వేసి, లోపలి మడులను సోలార్ కంచె తీగతో విడగొట్టుకోవడం చౌక. తీగ ఆవు ముక్కు ఎత్తులో, అంటే 75 నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తున ఒక్క వరుస చాలు. తీగకు కంచె యంత్రం ద్వారానే కరెంటు ఇవ్వాలి. ఇంటి లైను నుంచి నేరుగా ఇచ్చిన కరెంటు మనుషుల ప్రాణాలు తీస్తుంది, అది నేరం కూడా, ఈ విషయంలో ఎవరి మాటా వినవద్దు. తీగ పెట్టే స్తోమత లేనివారు పలుపు తాడుతో గుంజకు కట్టి, రోజూ గుంజ మార్చుతూ కూడా ఇదే పద్ధతిని పాటించవచ్చు, శ్రమ మాత్రం ఎక్కువ.

పాలిచ్చే ఆవు రోజుకు 60 నుంచి 80 లీటర్లు, మే ఎండల్లో 100 లీటర్లకు పైగా నీరు తాగుతుంది. తొట్టి దూరంగా ఉంటే మంద అంతా కలిసి నడిచి, అక్కడే నిలబడిపోయి, ఆ చోటును రొచ్చు చేస్తుంది. రెండు మూడు మడులకు ఒక తొట్టి ఉండేలా పైపు వేసుకుంటే మేపు సమానంగా జరుగుతుంది. నీడకు వేప, కానుగ, నిద్రగన్నేరు పనికివస్తాయి, ఆవుకు నాలుగు చదరపు మీటర్ల చొప్పున నీడ కావాలి.

ఎప్పుడు తోలాలి, ఎప్పుడు మళ్లించాలి

రోజుల లెక్క మడుల ఏర్పాటుకు మాత్రమే, మందను తోలే నిర్ణయం గడ్డిని చూసి తీసుకోవాలి. బ్రెజిల్‌లో గినీ జాతి గడ్డి మీద జరిగిన పరిశోధనల్లో, పడిన వెలుగులో 95 శాతాన్ని ఆకులు అడ్డుకున్నప్పుడే మేపడం మేలని తేలింది. ఆ దశ దాటితే కింది ఆకులు నీడలో పండిపోతాయి, కాడ సాగుతుంది. రకాన్ని బట్టి అది 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో వస్తుంది, మన కొలతల్లో రెండు మూరలు, లేదా కాస్త తక్కువ. మందను బయటకు మళ్లించేటప్పుడు జానెడున్నర, అంటే 30 నుంచి 35 సెంటీమీటర్ల దుబ్బు ఆకుతో సహా మిగలాలి. పాకే జాతుల్లో సిగ్నల్ గడ్డిని జానెడుకు కాస్త పైన ఉండగా తోలి, 10 నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర ఆపాలి.

మిగిల్చిన ఆ ఆకును చూసి చాలామంది రైతులకు మనసొప్పదు. గడ్డి కళ్ల ముందు ఉండగా ఆవులను ఎందుకు మళ్లించాలని అడుగుతారు. ఆ ఆకే వెలుగును పట్టి తరువాతి విడత గడ్డిని తయారుచేస్తుంది. నేల దాకా మేపిన దుబ్బు తన నిల్వను తిని లేవాలి కనుక రోజులు ఎక్కువ పడతాయి. ఇంకో లాభం కూడా ఉంది: పొట్టపురుగుల పిల్లలు గడ్డి మొదట్లో అయిదారు సెంటీమీటర్ల లోపే ఎక్కువగా ఉంటాయి. పైభాగం మాత్రమే తినే ఆవు వాటిని తక్కువగా మింగుతుంది.

జూలై, ఆగస్టుల్లో 21 రోజులకే మడి సిద్ధం కావచ్చు, నవంబరులో 40 రోజులు పట్టవచ్చు. గడ్డి మందను మించిపోతున్నప్పుడు రెండు మూడు మడులను వరుస నుంచి తప్పించి కోతకు వదలాలి, గడ్డి వెనకబడినప్పుడు మందను వేగంగా తిప్పకూడదు. అప్పుడు పశువుల సాలలో మేత పెంచి మడులకు గడువు ఇవ్వాలి. మనకు తెలియకుండానే చేసే పెద్ద పొరపాటు ఇదే: గడ్డి తగ్గినకొద్దీ ఆవులను ఇంకా తొందరగా మళ్లీ అదే మడికి తోలుతాం, దానితో గడ్డి ఇంకా తగ్గుతుంది.

మొదట పాలిచ్చే ఆవులను, వాటి వెనుక వట్టిపోయిన ఆవులను పంపితే మంచి ఆకు పాలకు, మిగిలింది మిగతావాటికి అందుతుంది. దూడలను మాత్రం పెద్దవాటి వెనుక పంపరాదు. పురుగుల బెడద వాటికే ఎక్కువ కనుక శుభ్రమైన మడి ముందు వాటికి దక్కాలి.

వేళలు, దాణా, వెన్న శాతం

సముద్రపు తేమ వల్ల విశాఖలో ఉష్ణోగ్రత మరీ ఎక్కువ లేనప్పుడు కూడా ఆవులు అలసిపోతాయి. వేడినీ తేమనూ కలిపి లెక్కించే సూచిక 72 దాటితే అధిక పాలిచ్చే ఆవుకు ఒత్తిడి మొదలవుతుంది. 28 డిగ్రీల వేడిలో 70 శాతం తేమ ఉంటేనే ఆ గీత దాటిపోతుంది. కనుక ఉదయం పాలు పితికిన వెంటనే తోలి పది గంటలలోపు నీడకు చేర్చి, తిరిగి సాయంత్రం నాలుగు తరువాత తోలాలి. ఆవు సహజంగా ఎక్కువ మేసేది కూడా ఆ రెండు వేళల్లోనే.

పాల కేంద్రంలో వెన్న, వెన్నేతర ఘనపదార్థాల శాతాన్ని బట్టి ధర కడతారు. మరీ లేత గడ్డి మాత్రమే తిన్న ఆవుకు పీచు చాలక వెన్న శాతం పడిపోతుంది. మేపుకు ముందు రెండు కిలోల వరిగడ్డి వేస్తే ఈ నష్టం తప్పుతుంది. గినీ, నేపియర్ గడ్డిలోని ఆక్సలేట్లు సున్నాన్ని (కాల్షియాన్ని) పట్టి ఉంచుతాయి కనుక ఖనిజ లవణ మిశ్రమం రోజూ ఇవ్వాలి.

పేడ, ఎరువు

ఆవు తిన్న నత్రజనిలో ముప్పాతిక వంతుకు పైగా పేడ, మూత్రాల ద్వారా తిరిగి నేలకే చేరుతుంది, అది నీడ కిందా తొట్టి దగ్గరా పోగుపడకుండా చూడడమే ఎరువు యాజమాన్యంలో సగం పని. సాలలోని పేడను వానలకు ముందు మడులకు తోలాలి. యూరియా వాడవలసి వస్తే మేపు ముగిసిన తరువాత, నేలలో తేమ ఉన్నప్పుడు ఎకరాకు 20 కిలోలు మించకుండా చల్లి, మూడు వారాలు దాటాకే మళ్లీ తోలాలి. ఎక్కువ వేస్తే గడ్డి పైబడి స్టైలోను అణచివేస్తుంది.

గోమార్లు, పురుగులు, విషపు మొక్కలు

గోమారు పిల్లలు గడ్డి కొసలకు ఎక్కి ఆవు కోసం నెలల తరబడి కాచుకుని ఉండగలవు కనుక 28 రోజుల విశ్రాంతి వాటిని చంపదు. సంకర ఆవులకు థైలేరియా, బబేసియా వ్యాధులు వీటి వల్లే వస్తాయి. చెవుల లోపల, గంగడోలు మడతల్లో, పొదుగు వెనుక, తోక కింద వారానికి ఒకసారి చేత్తో తడిమి చూడాలి. జ్వరంతో పాటు మూత్రం కాఫీ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుడిని పిలవాలి. పిచికారీ మందును వైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడాలి, పాలు పోయకూడని రోజులను కచ్చితంగా పాటించాలి.

పొట్టపురుగుల సంగతి వేరు. వాటి పిల్లలు మన వేడిలో వారం లోపే గడ్డి ఎక్కుతాయి, కాని అదే వేడికి నెల, నెలన్నరలో చాలావరకు చచ్చిపోతాయి. అందువల్ల మూడు రోజుల మేపు, నెల విశ్రాంతి వీటి మీద బాగా పనిచేస్తాయి.

తలంబ్రాల పొదను వేళ్లతో పెకలించాలి, అది కాలేయాన్ని చెడగొట్టి ఎండకు చర్మం పొక్కేలా చేస్తుంది. వయ్యారిభామను పూతకు రాకముందే పీకాలి, దాన్ని తిన్న ఆవు పాలు చేదెక్కుతాయి. లేత జొన్నలోనూ ఎండకు వడిలిన పిలక జొన్నలోనూ సైనైడ్ విషం ఉంటుంది కనుక పూత దశకు రాని జొన్న చేలోకి ఆవులను వదలరాదు. గొంతువాపు టీకా వానలకు ముందే వేయించాలి.

అక్టోబరు, నవంబరు: మిగులును దాచడం

ఈ రెండు నెలల్లో తుఫాను భయం ఉంటుంది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మిగిల్చిన నష్టం ఈ జిల్లా మరువలేదు. వాయుగుండం వార్త వినగానే ఆవులను చెట్ల కింద నుంచి తప్పించి, పలుపులు విప్పి, మెరకన ఉంచాలి. వాన వెలిశాక నేల గట్టిపడేదాకా మడుల్లోకి తోలకూడదు. తడినేల మీద ఒక్క పూట తొక్కితే కుదుళ్లు దిగబడిపోయి కోలుకోవడానికి నెలలు పడుతుంది.

కోతకు వదిలిన మడుల గడ్డిని పూతకు ముందే కోసి, ఒక పూట వాడ్చి, చిన్న ముక్కలు చేసి పాతర వేయాలి. గినీ గడ్డిలో చక్కెర తక్కువ కనుక వంద కిలోల గడ్డికి కిలో నుంచి రెండు కిలోల బెల్లం నీటిలో కరిగించి చల్లాలి. అనకాపల్లి పక్కనే ఉండగా ముతక బెల్లానికి మనకు కొరత లేదు. గాలి మిగలకుండా తొక్కి, పాలిథీన్ కప్పి, మట్టి వేసి మూస్తే 45 రోజులకు సిద్ధమవుతుంది. డిసెంబరు నుంచి చెరకు నరికే చోట దొరికే పచ్చి కొసలు కూడా మంచి మేత.

వరి కోతల తరువాత వచ్చే గడ్డిని వాములో పెట్టే ముందు కొంత భాగాన్ని యూరియాతో శుద్ధి చేయాలి. వంద కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, 21 రోజులు గాలి చొరకుండా కప్పి ఉంచాలి. తినిపించే ముందు కొంతసేపు ఆరబెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు దీనిని పెట్టకూడదు. యూరియా కలిపిన నీరు ఏ పశువూ తాగకుండా జాగ్రత్తపడాలి.

వేసవి, తొలకరి

ఫిబ్రవరిలో గడ్డి పెరుగుదల ఆగినప్పుడు మడులన్నిటినీ మూసి, మందను సాల వద్దే మేపాలి. తిరగడానికి గట్టి నేల ఉన్న ఒక్క దొడ్డి చాలు. జూన్ సగం దాకా సుమారు 130 రోజులు. ఆవుకు రోజుకు 5 కిలోల వరిగడ్డి, 12 కిలోల పాతర గడ్డి, 3 కిలోల దాణా చొప్పున అయిదు ఆవులకు మూడు టన్నులకు పైగా వరిగడ్డి, ఎనిమిది టన్నుల పాతర గడ్డి కావాలి. ఘనపు మీటరుకు అయిదారు వందల కిలోలు పడుతుంది కనుక సుమారు 15 ఘనపు మీటర్ల గొయ్యి అవసరం. ఇంత నిల్వ సాధ్యం కాదని డిసెంబరులోనే తేలితే, పాలు తగ్గిన ఆవు ఒకదాన్ని అప్పుడే అమ్మేయడం మేలు. ఏప్రిల్‌లో బక్కచిక్కిన ఆవుకు ధర పలకదు, ఈలోగా అది పచ్చికనూ పాడుచేసి పోతుంది.

తొలకరి పడగానే మడులు పచ్చబడతాయి, ఆవులు కంచె దగ్గర అరుస్తాయి. అప్పుడు లేచే చిగురు ఎండంతా దాచుకున్న వేళ్ల నిల్వతో వచ్చింది, దాన్ని కొరికితే మొక్క దగ్గర ఇంకేమీ మిగలదు. గడ్డి రెండు మూరలు చేరడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది కనుక పై లెక్కకు ఆ వారాల మేతను కూడా ముందే కలుపుకోవాలి. ఆ తరువాత కూడా మొదటి రోజు గంటసేపు మాత్రమే తోలి, పది, పన్నెండు రోజుల్లో క్రమంగా పెంచుతూ పూర్తి మేపుకు తేవాలి. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ఎండుమేత నుంచి పచ్చిమేతకు అలవాటు పడడానికి ఆ వ్యవధి అవసరం, లేకపోతే పారుడు పట్టి పాలు పడిపోతాయి.